సున్నపు గానుగ దగ్గర పిల్ల

ఒరేయ్,

ఈమధ్య ఏం రాస్తున్నావని అడిగావు కదా, తీరిగ్గా చెప్తాను. పది, పన్నెండేళ్ల పిల్లలు చదువుకునే చిన్న నవల. కథ 1847లో, ధవళేశ్వరం దగ్గర గోదావరి మీద ఆనకట్ట పని మొదలైన ఏడాది జరుగుతుంది.

ఆనకట్ట అనగానే అందరికీ కాటన్ దొరే గుర్తొస్తాడు. ఆయన పట్టుబట్టకపోతే ఆ పని జరిగేదే కాదు. కానీ రాయి మోసినవాళ్ల గుడిసెలో పొయ్యి ఎలా వెలిగేదో మన పిల్లలకి ఎవరూ చెప్పలేదురా. అందుకే నా కథ పదకొండేళ్ల కూలిపిల్లది. వాళ్ల నాయనమ్మ గుంటూరు సీమ నుంచి నడిచి వచ్చిన మనిషి. 1832-33 నందన కరువులో అక్కడ అయిదు లక్షల మందిలో రెండు లక్షల మంది దాకా పోయారంటారు. ఇటు చూస్తే నిండు గోదావరి సముద్రంలో కలిసిపోతోంది, పక్కనున్న పొలానికి మాత్రం చుక్క ఎక్కదు. వాన కురిస్తే పంట, లేదంటే పస్తు. పైగా 1839లో గోదావరి తీరాన్ని ముంచేసిన కోరంగి తుపాను. ముసలామె గింజ నేలపాలైతే ఎందుకు ఊరుకోదో ఇదంతా తెలిస్తేనే అర్థమవుతుంది.

పిల్ల పని సున్నపు గానుగ దగ్గర. గుండ్రటి కాలవలో సున్నం, ఇసక, నీళ్లు పోస్తారు. ఎడ్లు తిరుగుతుంటే పెద్ద రాతి చక్రం దాన్ని మెత్తగా నూరుతుంది. ఎడ్లు ఆగిపోకుండా వెనకాలే నడుస్తూ అదిలించాలి. సున్నం చింది కాళ్లు ఒరుస్తాయి, రాత్రి ఆముదం రాసుకుని పడుకుంటుంది. ఈ అధ్యాయం రాస్తున్నప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది. అయినా తీసెయ్యను.

అలాగని పుస్తకమంతా ఏడుపు కాదు. అచ్చంగిల్లాలు ఉన్నాయి, కోతికొమ్మచ్చి ఉంది, తాటిముంజల కోసం తగువులున్నాయి. అగ్గిపెట్టె లేని రోజులు కాబట్టి తెల్లారగానే పక్కింటికెళ్లి పిడక మీద నిప్పు తెచ్చుకోవాలి. దారిలో ఆరిపోతుందేమోనని ఆ పిల్ల పడే టెన్షన్ మీదే ఒక అధ్యాయం నడిపాను. గడియారం లేదు కనక “అయిదు నిమిషాల్లో వస్తా” అనదు, “ఎసరు కాగేలోపు వస్తా” అంటుంది.

ఒక్క విషయంలో మాత్రం రాజీ పడను. ఊరి బావి అందరిదీ కాదు. ఆ పిల్ల స్నేహితురాలు చేద వెయ్యడానికి వీల్లేదు, ఎవరైనా వచ్చి కుండలో పోసేదాకా దూరంగా నిలబడాలి. చిన్నపిల్లలకి ఇదెందుకు అంటారు కొందరు. పాత పల్లెటూరంటే ముగ్గులూ కొబ్బరిచెట్లే అని రాస్తే పిల్లల్ని మోసం చేసినట్టే కదరా! ఆ రోజు పిల్లకి వచ్చిన కోపమే కథని నడిపిస్తుంది.

1852లో ఆనకట్ట పూర్తయ్యేనాటికి ఆమెకి పదహారేళ్లు. ఆపైన ఏమైందో ఇంకా తేల్చలేదు. నేల దొరకలేదని మాత్రం తెలుసు, నీళ్లొచ్చినంత మాత్రాన కూలివాడికి పొలం రాదుగా.

మొదటి మూడు అధ్యాయాలు దీంతో పాటే పంపుతున్నాను. మీ అమ్మాయికి చదివి వినిపించు. ఎక్కడ ఆవలించిందో, ఎక్కడ ఆపి ప్రశ్న వేసిందో రెండూ రాయి. ఆ పిల్లకి ఇంకా పేరు పెట్టలేదు, మీ అమ్మాయినే పెట్టమను.

ఉంటాను,
నీ నేస్తం