కార్తీక్‌కి, నీ ఐదుగురి లిస్టు గురించి

తెనాలి,
ఆదివారం రాత్రి

చిరంజీవి కార్తీక్‌కి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ బీపీ అదుపులోనే ఉంది. మామ్మ రోజూ నీ గురించి అడుగుతోంది. కొత్తావకాయ కలిపాం. బాబ్జీ వాళ్ల అల్లుడు వచ్చే నెల డాలస్ వస్తున్నాడట, రెండు కేజీలు సర్ది ఇస్తాను. నూనె కారకుండా ఈసారి మూత చుట్టూ టేపు వేయిస్తాను.

ఈ ఉత్తరం నీ లిస్టు గురించే. సోమవారం మన ఫ్యామిలీ గ్రూపులో పెట్టావు కదా, అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో, పాయింట్లు కొట్టడమే ముఖ్యమైన పనిగా ఆడే షూటింగ్ గార్డుల్లో ఆల్ టైమ్ ఐదుగురు: కోబీ, జోర్డాన్, వేడ్, ఐవర్సన్, హార్డెన్. కింద ‘ఇప్పుడు చెప్పు నాన్నా’ అని రాశావు. ఇలాంటిది ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలదని వెంటనే జవాబివ్వలేదు. ఫోన్‌లో అయితే ‘తర్వాత చేస్తా’ అని పెట్టేస్తావు కూడా. మూడు ఆదివారాలు అలాగే అయింది. ఇంకొకటి కూడా గమనించాను. నువ్వు ఆ మెసేజ్ పెట్టేటప్పటికి మీకు సోమవారం పొద్దున పదకొండు. ఆ టైములో నీకు ఎప్పుడూ మీటింగ్ ఉంటుంది. ఆఫీసుకి వెళ్లలేదా?

సరే, లిస్టు సంగతి చూద్దాం.

జోర్డాన్‌ని రెండో చోట ఎలా పెట్టావురా? ఆరు ఫైనల్స్ ఆడితే ఆరూ గెలిచాడు, ఆరింటిలోనూ ఫైనల్స్ ఎంవీపీ, అంటే ఉత్తమ ఆటగాడు, అతనే. పది సీజన్లు లీగ్ మొత్తంలో స్కోరింగ్ టైటిల్ అతనిదే. 1988లో మ్యాచ్‌కి 35 పాయింట్ల చొప్పున కొట్టి, అదే ఏడాది ఉత్తమ డిఫెండర్ అవార్డు కూడా తీసుకున్నాడు. కోబీ వేసినంత కష్టమైన షాట్లు ఇంకెవరూ వేయలేదని నువ్వు ఎప్పుడూ అంటావు. కాదనను. కానీ జోర్డాన్ వేసినవాటిలో దాదాపు సగం పడ్డాయి, 49.7 శాతం. కోబీవి 44.7. ఇద్దరు మీద పడుతుంటే గాల్లో వెనక్కి వంగి వేసిన షాట్ చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. అంతదాకా రానివ్వకుండా ముందే చోటు చూసుకుని లేచేవాడు నా లెక్కలో ఇంకా పెద్ద ఆటగాడు.

కోబీ అంటే నాకు చిన్నచూపు లేదు, ఆ సంగతి నీకు తెలుసు. 2006లో టొరంటో మీద 81 పాయింట్లు కొట్టినప్పుడు, ఆ స్కోరు నీ గది గోడ మీద సుద్దముక్కతో రాసింది నువ్వే అయినా, సున్నం వేసేవాళ్లు వచ్చినప్పుడు దాన్ని చెరపొద్దని చెప్పింది నేను. 2020 జనవరిలో కూతురితో పాటు అతను పోయిన రోజు నువ్వు ఫోన్ చేసి ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఇద్దరం అలా లైన్‌లో ఉన్నాం కాసేపు.

నా భయమల్లా నువ్వు అతని దగ్గర ఏం నేర్చుకున్నావన్నదే. 2013 ఏప్రిల్ 12న గోల్డెన్ స్టేట్ మ్యాచ్‌లో అతనికి మడమ వెనక అకిలీస్ నరం తెగింది. తెగిన కాలితోనే లైను దగ్గరికి వెళ్లి రెండు ఫ్రీ త్రోలు వేసి, నడుచుకుంటూ లోపలికి వెళ్లాడు. ఆ ఫొటో నీ ఫోన్ మీద చాలా ఏళ్లు ఉంది. ఆ తర్వాత సంగతి కూడా గుర్తు పెట్టుకో. అతను డిసెంబరులో తిరిగొచ్చాడు, ఆరు మ్యాచ్‌లు ఆడాడు, అంతలో మోకాలి దగ్గర ఎముక విరిగింది. ఆ సీజన్ అంతటితో సరి. అప్పటికి అతనికి 35 ఏళ్లు. పక్కన జట్టు డాక్టరు, ఫిజియో, మోసుకెళ్లడానికి నలుగురు మనుషులు ఉన్నారు. నీకు అక్కడ ఎవరున్నారు? రెండో అంతస్తులో లిఫ్ట్ లేని ఫ్లాట్, రాత్రి డ్యూటీ చేసే రూమ్మేట్.

ఇంక చుట్టూ తిప్పడం ఎందుకు, చెప్పేస్తున్నాను. మొన్న సుధా పిన్ని ఫోన్ చేసింది. వాళ్ల బంటీ నిన్ను ఎక్కడో పార్కింగ్‌లో చూశాడట. చంకకర్రలతో ఉన్నావట. జిమ్‌లో ఆదివారం ఆటలో పడ్డావని, లిగమెంట్ అన్నారని, ఆపరేషన్ అవసరమో కాదో ఇంకా తేలలేదని చెప్పిందావిడ. ఏ కాలో ఆవిడకీ తెలియదు. నేను విననట్టే ‘ఆహా, అలాగా’ అని పెట్టేశాను. అమ్మకి చెప్పలేదు. కానీ వీడియో కాల్‌లో ఈమధ్య వీడి మొహం తప్ప ఏమీ కనపడట్లేదేంటండీ అని అమ్మ మూడుసార్లు అడిగింది.

వేడ్‌ని మూడో చోట పెట్టావు, నేనూ అక్కడే పెడతాను. 2006 ఫైనల్స్‌లో డాలస్ మీద మ్యాచ్‌కి 34.7 పాయింట్ల సగటు, అది చిన్న విషయం కాదు. అయితే కాలేజీ రోజుల్లోనే, 2002లో, అతని మోకాల్లో మెనిస్కస్ తీసేశారన్న సంగతి నీకు తెలుసా? రెండెముకల మధ్య మెత్తలా ఉండేది అదే. కెరీర్ అంతా ఆ మోకాలితో అవస్థపడ్డాడు. అయినా 2019 దాకా ఆడాడంటే, మధ్యలో కూర్చోవాల్సినప్పుడు కూర్చున్నాడు కాబట్టే. ఒక సీజన్‌లో 54 మ్యాచ్‌లే ఆడాడు. ఐవర్సన్ గురించి వాదించను. ఆరడుగుల మనిషి 2001 ఫైనల్స్ మొదటి మ్యాచ్‌లో లేకర్స్ మీద 48 కొట్టాడు, అది చాలు. హార్డెన్ బదులు మాత్రం నేను జెర్రీ వెస్ట్‌ని రాసుకుంటాను. జట్టు ఓడినా 1969లో ఫైనల్స్ ఎంవీపీ ఆయనకే ఇచ్చారు, ఇప్పటివరకూ ఓడిన జట్టులో అలా తీసుకున్నవాడు ఇంకొకడు లేడు. నువ్వు వేసుకునే బనీను మీద ఎన్‌బీఏ బొమ్మ ఉందే, అది ఆయన ఫొటో చూసి గీసిందే.

ఇంకొక పేరు ఉంది. నీ లిస్టులో లేదు, ఎవరి లిస్టులోనూ ఉండదు. బ్రాండన్ రాయ్. పోర్ట్‌లాండ్ జట్టు కుర్రాడు. వచ్చిన ఏడాదే కొత్తవాళ్లలో ఉత్తముడిగా రూకీ ఆఫ్ ది ఇయర్, ఆ తర్వాత వరసగా మూడేళ్లు ఆల్ స్టార్. 2010 ఏప్రిల్‌లో మెనిస్కస్ ఆపరేషన్ అయిన ఎనిమిదో రోజున ప్లేఆఫ్ మ్యాచ్ ఆడాడు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. మరుసటి ఏడాది రెండు మోకాళ్లకీ ఆపరేషన్. అయినా డాలస్ మీద ఒక మ్యాచ్‌లో, ఆఖరి క్వార్టర్‌లో 18 పాయింట్లు కొట్టి ఓడిపోయే ఆట గెలిపించాడు. ఆ డిసెంబరులో రిటైరయ్యాడు. 27 ఏళ్లు! నీకంటే చిన్నవాడు. ఇంకో జట్టులో మళ్లీ ప్రయత్నిస్తే ఐదు మ్యాచ్‌లతో ఆగిపోయింది. ఆ ఎనిమిదో రోజు చప్పట్లు కొట్టినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

జోర్డాన్ సంగతి కూడా విను. 1985లో, రెండో సీజన్ మూడో మ్యాచ్‌లోనే అతని పాదంలో ఎముక విరిగింది. 64 మ్యాచ్‌లు బయట కూర్చున్నాడు. తిరిగొచ్చాక కూడా ఇన్ని నిమిషాలే ఆడాలని లెక్క పెట్టి దింపారు, అతను అందరితో గొడవపడ్డాడు. ఏప్రిల్‌లో బోస్టన్ మీద ప్లేఆఫ్‌లో 63 కొట్టాడు. ఆ 63 నీకు నోటికి వచ్చు. దాని ముందున్న 64 గురించి నువ్వు ఎప్పుడూ మాట్లాడవు.

ఇప్పుడు నీకొకటి చెప్పాలి. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

నా ఎడమ మోకాలు ఎలా పోయిందో సగమే తెలుసు నీకు. 1985 ఇంటర్ కాలేజ్ ఫైనల్లో లేఅప్ వేసి దిగుతూ అవతలివాడి పాదం మీద దిగాను. మోకాల్లో ‘టప్’ మని శబ్దం వచ్చింది. కోచ్ స్ప్రే కొట్టి, క్రేప్ బ్యాండేజ్ బిగించి పంపితే రెండో సగం అంతా ఆడాను. కప్పు గెలిచాం. ఆ తర్వాత డాక్టరుకి చూపించుకోలేదు, ఊళ్లో కట్టు కట్టే ఆయన దగ్గరికి వెళ్లాను. వాపు పోయింది, నేను నయమైందనుకున్నాను. ఇంట్లోనూ అదే చెప్పాను. నీ అక్షరాభ్యాసం ఫొటోలో నేను పీట మీద ఒక కాలు చాపుకుని కూర్చున్నానే, చోటు లేక కాదు, ఆ కాలు మడవలేకే.

1998 జూన్ 15. వాళ్లకి ఆదివారం రాత్రి, మనకి సోమవారం పొద్దున. యూటాలో జోర్డాన్ ఫైనల్స్, ఆరో మ్యాచ్. నీకు మూడేళ్లు. గంగానమ్మపేట ఇంట్లో నేను తెల్లవారుజామునుంచి టీవీ ముందే ఉన్నాను. ఆఖరి క్వార్టర్‌లో కరెంటు పోయింది. కేబుల్ ఆఫీసులో జనరేటర్ ఉంటుందని నిన్ను భుజాల మీద ఎక్కించుకుని పరిగెత్తాను. నువ్వు అప్పుడే పళ్లు తోముకుంటున్నావు, నోట్లో బ్రష్ అలాగే ఉంది. పేస్టు నురగ నా జుట్టులో కారుతోంది. కిరాణా కొట్టు పక్కనుంచి పైకి ఇనప మెట్లు. సగం ఎక్కానో లేదో మోకాలు పట్టేసింది. వంగదు, చాచుకోదు. నిన్ను ఎక్కడ పడేస్తానోనని రెయిలింగ్ గట్టిగా పట్టుకుని కేబుల్ ఆఫీసు నాగూర్‌ని కేకేశాను. వాడు గబగబా దిగి నిన్ను ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లి స్టూల్ మీద నిలబెట్టాడు. నేను మెట్టు మీద కూలబడ్డాను. పైనుంచి జనరేటర్ మోత. కాసేపటికి లోపల ముగ్గురు నలుగురు ఒక్కసారిగా అరిచారు. జోర్డాన్ యూటా వాళ్ల మలోన్ చేతిలోంచి బంతి లాక్కోవడం, రసెల్‌ని తప్పించి, ఇంకా 5.2 సెకన్లు ఉండగా ఆ షాట్ వేయడం, ఒక్క పాయింట్‌తో గెలవడం, అన్నీ ఆ అరుపులోనే అయిపోయాయి. నాగూర్ నిన్ను తెచ్చి నా ఒళ్లో పెడితే, నువ్వు రెండు చేతులూ పైకెత్తి చూపించావు, ఇలా వేశాడు నాన్నా అని.

ఆ షాట్ నువ్వు చూశావు. నేను చూడలేదు. సాయంత్రం రీప్లేలో చూశాను. ‘మా అబ్బాయీ నేనూ లైవ్‌లో చూశాం’ అని మా బ్యాచ్ వాళ్లందరికీ చెప్పాను, నీకూ అలాగే చెప్పాను, చివరికి అమ్మకి కూడా. మోకాలి సంగతి ఒప్పుకోవాల్సి వస్తుందని.

అందుకే నువ్వు దాచావని నాకు కోపం రాలేదు. కంగారు మాత్రం వచ్చింది.

ఇప్పుడు చెప్పేవి చెయ్యి. ఎమ్మారై రిపోర్టు ఫొటో తీసి నాకు పంపు. ఇక్కడి ఆర్థోపెడిక్ డాక్టరుకి చూపిస్తాను, మన రమేష్ బాబాయ్ బావగారే. వాళ్లు ఆపరేషన్ అంటే భయపడకు. క్లే థాంప్సన్‌కి 2019 ఫైనల్స్‌లో మోకాల్లో ఏసీఎల్ అనే లిగమెంట్ పోయింది, కోలుకునేలోపు ఇంకో కాలికి అకిలీస్ తెగింది, మొత్తం 941 రోజులు కూర్చున్నాడు. తిరిగొచ్చిన ఏడాదే ఛాంపియన్ అయ్యాడు. నీకు తొందరేముంది? పడుకునేటప్పుడు మోకాలి కింద దిండు పెట్టుకోకు, హాయిగానే ఉంటుంది కానీ కాలు పూర్తిగా చాచుకోవడం పోతుంది. పెడితే మడమ కింద పెట్టుకో, ముందు మీ డాక్టర్ని కూడా అడుగు. ఐస్ నేరుగా చర్మానికి తగలకుండా తువాలు చుట్టు. స్నానానికి ప్లాస్టిక్ కుర్చీ కొనుక్కో. మాగీతో సరిపెట్టకు, గుడ్లు ఉడకబెట్టుకో. కుడి కాలైతే కారు తీయకు. ఎడమదైనా తీయకు. బంటీని అడుగు, వాడు తీసుకెళ్తాడు, నేను చెప్పానని చెప్పు.

నా వీసా ఇంకా రెండేళ్లు ఉంది. ఆపరేషన్ తేదీ ఖాయమైతే టిక్కెట్టు నేనే తీసుకుంటాను, డబ్బు గురించి మాట్లాడకు. అమ్మని ఎలా తీసుకురావాలో అప్పుడు చూద్దాం. అమ్మ పడుకున్నాక, మనకి రాత్రి పదకొండంటే నీకు మధ్యాహ్నం పన్నెండున్నర, అప్పుడు ఫోన్ చెయ్యి. కెమెరా కిందికి తిప్పు.

కుదరకపోతే ఏ కాలో ఒక్క ముక్క రాసి పెట్టు. కుడా, ఎడమా?

నాన్న