ఆడపడుచుల సంతకాల వల్లేనా ఆలస్యం?

సంపాదకుడు గారికి,

పెళ్లయి వెళ్లిపోయిన ఆడపడుచులు వచ్చి సంతకాలు పెట్టక మ్యుటేషన్లు (రెవెన్యూ రికార్డులో పేరు మార్పిళ్లు) ఆగిపోతున్నాయని, రైతులు తహసీల్దారు కార్యాలయాల చుట్టూ తిరుగుతున్నారని పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో రాశారు. ఎవరైనా జవాబు రాస్తారేమోనని ఇన్నాళ్లూ చూశాను. ఎవరూ రాయలేదు. ఆ తిరుగుతున్న రైతులు ఎవరో కాదు, అన్నదమ్ములు. అదే పొలంలో అంతే వాటా ఉన్న అక్కచెల్లెళ్లు మాత్రం మీ వార్తలో రైతులు కాకుండా పోయారు, అడ్డంకి అయ్యారు.

ఒక లెక్క చూడండి. వీలునామా రాయకుండా తండ్రి పోయాడు. భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. పొలం ఆరెకరాలు. అది ఆయన స్వార్జితమైతే అయిదు సమాన వాటాలు, మనిషికి ఎకరం 20 సెంట్లు. పిత్రార్జితమైతే ముందు తండ్రికీ నలుగురు పిల్లలకూ తలా ఎకరం 20 సెంట్లు వస్తుంది. తర్వాత తండ్రి వాటాను తల్లి, పిల్లలు మళ్లీ అయిదుగురూ పంచుకోవాలి, మనిషికి 24 సెంట్లు. అంటే కొడుకైనా కూతురైనా ఎకరం 44 సెంట్లు. తల్లికి ఆ 24 సెంట్లే, ఎందుకంటే మన దక్షిణాదిలో తండ్రీ పిల్లల పంపకంలో ఆమెకు విడిగా వాటా లేదు. నలభై ఏళ్లు ఆ చేలో నాట్లు వేసిన మనిషికి దక్కేది అది! ఈ అన్యాయం మీద ఏ పేజీలోనూ వార్త రాదు.

ఇదేమీ నిన్న మొన్నటి చట్టం కాదు. హిందూ వారసత్వ చట్టానికి ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచే ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లికాని కూతుళ్లు పిత్రార్జితంలో కొడుకులతో సమానమయ్యారు. కేంద్రం ఆ పని చేసింది 2005 సెప్టెంబరు 9న, పెళ్లయినవాళ్లనూ కలుపుకుని. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అన్న వివాదాన్ని కూడా వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చేసింది, ఉండనక్కర్లేదని. దేశం కంటే ఇరవై ఏళ్లు ముందున్నామని గొప్పలు చెప్పుకునే మనం, నలభై ఏళ్లయినా ఇంకా 'సంతకం పెట్టి పోమ్మా' దగ్గరే ఉన్నాం.

ఇంతకీ ఆ సంతకం దేనికో మీ విలేకరి అడిగినట్టు లేదు. వారసులందరి పేర్లతో ఉమ్మడిగా మ్యుటేషన్ చేయమంటే ఏ అక్కా కాదనదు. అడుగుతున్నది హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం, అంటే తన వాటాను వదిలేసుకుంటున్నాననే కాగితం మీద. ఆ రెండింటికీ ఉన్న తేడా తెలియకపోతే వార్త రాయకూడదు, తెలిసీ రాస్తే ఇంకా తప్పు.

అసలు చిక్కు ఇంకా ముందే మొదలవుతుంది, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ దగ్గర. దరఖాస్తు పెట్టేది కొడుకు. జతచేసేది రేషన్ కార్డు. పెళ్లవగానే ఆడపిల్ల పేరు ఆ కార్డులోంచి తీసేసి ఉంటారు. వీఆర్వో విచారణ అంటే ఇద్దరు ఇరుగుపొరుగుల వాంగ్మూలం, అదీ చాలాచోట్ల దరఖాస్తుదారుడి అరుగు మీదే. కూతురికి ఒక్క ఫోన్ చేయరు. నోటీసు పంపినా చనిపోయిన తండ్రి ఇంటి చిరునామాకు పంపుతారు, తీసుకునేది ఆ కొడుకే. తీరా పని జరిగిపోయాక ఆమె వెళ్లి అడిగితే 'కోర్టుకెళ్లండమ్మా' అంటారు. కోర్టంటే ఎవరి వాటా ఎంతో తేల్చే ప్రిలిమినరీ డిక్రీ, దాని తర్వాత భూమిని విడదీసి ఇచ్చే ఫైనల్ డిక్రీ. మధ్యలో ఎన్నేళ్లు పడుతుందో లాయర్లను అడగండి.

ఇక సబ్ రిజిస్ట్రారు ఆఫీసు. దస్తావేజు చివర 'చదివి వినిపించగా విని, ఎవరి ప్రోద్బలమూ లేకుండా ఇష్టపూర్వకంగా' అని ఉంటుంది. చదివిందెవరు? డాక్యుమెంట్ రైటర్ పేజీలు తిప్పుతాడు, వేలిముద్ర యంత్రం ముందుకు జరుపుతారు, ఫొటో తీస్తారు, అయిపోయింది. బయట కారులో ఒక చీర, రవికె గుడ్డ. ప్రతిఫలం గడిలో 'ప్రేమాభిమానాలతో'. ఎకరం 44 సెంట్ల ప్రేమ! సంతకం పెట్టే ముందు ఆమె చూడవలసింది షెడ్యూలు. సర్వే నంబర్లు, విస్తీర్ణం, హద్దులు అందులోనే ఉంటాయి. ఒక పొలానికని పిలిచి, కింద 'మా తండ్రి గారి పేరిట గల సమస్త స్థిర చరాస్తులు' అని ఒక్క ముక్క కలిపితే ఇల్లూ స్థలమూ కూడా పోతాయి. ఇది చాలదన్నట్టు తండ్రి బతికుండగానే కూతుళ్ల చేత 'మీ ఆస్తిలో మాకేమీ వద్దు' అని తెల్లకాగితాల మీద రాయించుకునే పెద్దమనుషులున్నారు. ఆయన స్వార్జితంలో రేపెప్పుడో రాబోయే వాటాను ఇవాళే వదులుకోవడం సాధారణంగా చెల్లదు. వచ్చిన హక్కును వదులుకోవాలన్నా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అలాగే నోటిమాట పంపకాలు ఎప్పుడో అయిపోయాయన్న వాదన కూడా ఊరికే నిలవదు, 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పత్రమో కోర్టు డిక్రీయో చూపాలి. పబ్లిక్ రికార్డుల ఆధారం గట్టిగా ఉన్న అరుదైన కేసుల్లోనే మినహాయింపు.

'పెళ్లికి కట్నమిచ్చాం కదా' అనేది అందరి దగ్గరా ఉన్న చివరి అస్త్రం. కట్నం ఇచ్చినా పుచ్చుకున్నా 1961 చట్టం కింద నేరం, కనీసం అయిదేళ్ల జైలు. చేసిన నేరాన్ని చూపించి చెల్లెలి హక్కు కొట్టేయమనడం, అది విని ఆఫీసర్లు తలూపడం మన రాష్ట్రంలోనే కుదురుతుంది కాబోలు. పసుపు కుంకుమ కింద ఇచ్చామనే ఎకరం సంగతీ ఇంతే. గిఫ్టు రిజిస్ట్రేషన్ చేయరు, పాస్‌బుక్ అన్నదమ్ముల దగ్గరే, శిస్తు రసీదూ వాళ్ల పేరునే.

పేరు రికార్డులో లేకపోతే ఏం పోతుందని అడిగేవాళ్లకు చెబుతున్నాను. భూమి ఎవరిదో చెప్పే రెవెన్యూ రికార్డు 1బి లో పేరు లేని ఆడమనిషికి సాధారణంగా బ్యాంకు పంట రుణం రాదు, పీఎం కిసాన్ ఏడాదికి ఇచ్చే 6 వేలూ రావు. నాటేదీ కలుపు తీసేదీ తనే అయినా కాగితం మీద కూలీ. మార్చి 8న మాత్రం కలెక్టరేట్ల ముందు పెద్ద పెద్ద ఫ్లెక్సీలు కడతారు. వేదిక మీద మహిళా సర్పంచ్ పక్క కుర్చీలో ఆవిడ భర్త, మైకు కూడా ఆయన చేతిలోనే! రీసర్వే పేరుతో ఊళ్లకు ఊళ్లు కొలిచి పలువురి భూములను ఒకే నంబరు కింద కలిపేసే జాయింట్ ఎల్‌పీఎంల చిక్కుముళ్లు వేయగలిగిన యంత్రాంగానికి, ఒక కూతురి ఫోన్ నంబరు కనుక్కోవడం చేతకాదా?

చేయాల్సింది పెద్దదేమీ కాదు. సర్టిఫికెట్ దరఖాస్తులో పెళ్లయిన కూతుళ్ల పేరు, ప్రస్తుత చిరునామా, ఫోను తప్పనిసరి చేయండి. వీఆర్వో వాళ్లతో మాట్లాడినట్టు రాసి సంతకం చేయాలి. నోటీసు ఆమె ఉంటున్న ఊరికి వెళ్లాలి. విడుదల దస్తావేజు వచ్చినప్పుడు సబ్ రిజిస్ట్రారు అన్నదమ్ములను రెండు నిమిషాలు బయట నిలబెట్టి ఆమెను విడిగా అడగాలి. వద్దనుకుంటే వదులుకోనివ్వండి, అది ఆమె ఇష్టం.

ఇప్పటికే మోసపోయినవాళ్లకు ఒక్క మాట. ఆదాయంతో పని లేకుండా ఏ మహిళకైనా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, నంబరు 15100. మ్యుటేషన్ అయిపోయిందని బెదిరించినా భయపడొద్దు, మ్యుటేషన్‌తో యాజమాన్యం మారిపోదు. ముందు ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా) తీయించుకోండి, పేరు మారిన తేదీ రాసిపెట్టుకోండి. ఇంకో మాట. వాటాలోంచి గెంటేశారని తెలిసిన రోజు నుంచి దావాకు ఉండేది పన్నెండేళ్లే.

సంతకాల వార్త వేసిన చోటే ఆ ఫోన్ నంబరు కూడా వేస్తారా?

ఇట్లు,
ఒక పాఠకురాలు, తెనాలి