ఎండీ-పీహెచ్‌డీ లేఖలు: ఈ వారమే అడగండి

అందరికీ నమస్తే. ఈసారి అమెరికాలో ఎండీ-పీహెచ్‌డీకి (డాక్టర్ డిగ్రీ, రీసెర్చ్ డిగ్రీ కలిపి చేసే కోర్సు) అప్లై చేస్తున్నవాళ్లకే ఈ మెసేజ్.

సిఫార్సు లేఖల కోసం ప్రొఫెసర్లను ఈ వారమే అడిగేయండి. మే నెలాఖరుకి అందరూ వాళ్ల మీదే పడతారు!

మీరు గట్టిగా పనిచేసిన ప్రతి ల్యాబ్ నుంచీ గైడ్ లేఖ ఉండాలి. ఒకటి లేకపోయినా అడ్మిషన్ కమిటీకి అనుమానం వస్తుంది. పెద్ద పేరున్నాయన ముక్తసరిగా రాసేదానికన్నా, ప్రయోగం బెడిసికొట్టినప్పుడు మీరేం చేశారో దగ్గరుండి చూసినవాళ్లు రాసిందే నయం.

అడిగేటప్పుడే సీవీ, అప్లికేషన్ కోసం రాసే రీసెర్చ్ వ్యాసం డ్రాఫ్ట్, గడువు తేదీ పంపండి.

ఆమ్‌కాస్‌లో (అమెరికా మెడికల్ కాలేజీలకి ఆన్‌లైన్‌లో అప్లై చేసే ఉమ్మడి సర్వీస్) గరిష్ఠంగా 10 లేఖలు. లెటర్ ఐడీ ఉన్న ఫామ్ రాసేవాళ్లకి ఇవ్వడం మర్చిపోవద్దు.

లేఖలు రాలేదని అప్లికేషన్ ఆపకండి, ఆమ్‌కాస్ వాళ్లు మీ మార్కులు సరిచూసే వెరిఫికేషన్ వాటికోసం ఆగదు.

ఎవరిని అడిగారో ఆదివారంలోగా ఇక్కడ చెప్పండి.