బరువుతో పాటు మందులు వదిలేయకు

అమ్మలూ,

నిన్న ఫోన్లో నువ్వు అన్న మాట నా మనసులో అలాగే ఉండిపోయింది. "బరువు తగ్గే ఆపరేషన్ అయ్యాక బీపీ మాత్ర ఆపేశారు, షుగర్ మాత్ర సగం చేశారు, ఇక ఆ మిగిలిన మనసు మందులు కూడా మెల్లగా మానేయొచ్చేమో అమ్మా" అన్నావు. అప్పటికప్పుడు జవాబిస్తే వాదనలా మారుతుందని ఊరుకున్నాను. తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నువ్వూ తీరిగ్గా చదువు.

ఆ మందుల మీద నీకున్న కోపం నాకు తెలుసు. అందులో న్యాయం కూడా ఉంది. ఓలాంజపిన్ మొదలుపెట్టాక నీ ఆకలి ఎలా మారిపోయిందో దగ్గరుండి చూశాను. లిథియం, వాల్‌ప్రోయేట్, క్వెటయాపిన్ కూడా చాలామందికి బరువు పెంచుతాయి. అదంతా తెలియని వాళ్ళు నీకు నోటి మీద అదుపు లేదన్నారు. ఆ మాటలు నిన్నెంత నొప్పించాయో నేను మర్చిపోలేదు. ఆపరేషన్ మంచి నిర్ణయమని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అదే అంటాను. కానీ బీపీ, షుగర్ బరువుతో ముడిపడ్డ జబ్బులు. బరువు దిగితే అవీ దిగుతాయి. బైపోలార్, అదే మనసు ఒకసారి మితిమీరిన ఉత్సాహంలోకీ ఒకసారి తీవ్రమైన దిగులులోకీ ఊగే ఈ జబ్బు, నీకు మొదటిసారి వచ్చినప్పుడు నువ్వు సన్నగానే ఉన్నావు కదమ్మా. బరువు దానివల్ల, దాని మందులవల్ల వచ్చింది. బరువు పోయినంత మాత్రాన జబ్బు పోదు.

పైగా ఆ మందుల్ని ఎక్కువగా కనిపెట్టుకోవాల్సింది ఇప్పుడే. మాత్ర పాతదే అయినా దాన్ని అందుకునే పొట్ట మారిపోయింది. నీకు చేసిన గ్యాస్ట్రిక్ బైపాస్‌లో పొట్టని చిన్న సంచి అంత మిగిల్చి, చిన్నపేగు మొదటి భాగాన్ని దాటించి కింది భాగానికి కలిపారు. స్లీవ్, అంటే పొట్టని మాత్రమే సన్నగా చేసే ఆపరేషన్, చేసినవాళ్ళకి పేగు జోలికి వెళ్ళరు కాబట్టి ఈ తేడా కొంత తక్కువ. నీకు మాత్రం మాత్రని కరిగించే యాసిడ్ తగ్గింది, మందుని పీల్చుకునే దారీ తగ్గింది. గంటల తరబడి నెమ్మదిగా కరిగేలా చేసిన మాత్రలు పూర్తిగా పనిచేయకముందే కిందికి జారిపోవచ్చు. అందుకే నీ సైకియాట్రిస్టు లాంగ్ యాక్టింగ్ లిథియం తీసేసి మామూలు మాత్ర రాశారు. ఆ పాత స్ట్రిప్పులు ఇంట్లో ఎక్కడైనా మిగిలి ఉంటే తీసి పారెయ్. మింగడం కష్టంగా ఉందని అలాంటి మాత్రని ఎప్పుడూ నలిపి వేసుకోకు. రోజంతా మెల్లగా అందాల్సిన మందు ఒక్కసారిగా ఒంట్లోకి వెళ్ళిపోతుంది.

నాకు అన్నిటికంటే టెన్షన్ లిథియం గురించే. 1949లో జాన్ కేడ్ అనే ఆస్ట్రేలియా డాక్టరు మేనియాకి, అంటే ఆ మితిమీరిన ఉత్సాహపు దశకి, అది పనిచేస్తుందని రాసినప్పటి నుంచి ఎంతోమందిని నిలబెట్టిన మందు అది. నిన్నూ నిలబెట్టింది. కానీ దానికి హద్దు చాలా సన్నం. రక్తంలో లీటరుకి సుమారు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉంటే మేలు చేస్తుంది, 1.5 దాటితే విషమవుతుంది. కొందరికి అంతకంటే తక్కువలోనే ఇబ్బంది మొదలవుతుంది. ఒంట్లో నీళ్ళు, ఉప్పు తగ్గితే కిడ్నీలు ఉప్పుని పట్టి ఉంచుకుంటూ లిథియంని కూడా పట్టి ఉంచేస్తాయి. నువ్వేమో ఇప్పుడు గటగటా నీళ్ళు తాగలేవు. గుక్క తర్వాత గుక్కగా రోజంతా తాగితేగాని లీటరున్నర లోపలికి పోదు. అంటే డోసు మార్చకపోయినా రక్తంలో మందు పెరిగిపోయే అవకాశం ఉంది. అందుకే ఈ మొదటి నెలల్లో అంత తరచుగా పరీక్ష చేయించమంటున్నారు. విసుక్కోకు. రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకి, పొద్దుటి మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. లేకపోతే వచ్చే నంబరుకి అర్థం ఉండదు. దాంతోపాటు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, సోడియం కూడా చూడమను.

వాంతుల సంగతి బాగా గుర్తుపెట్టుకో. ఈ ఆపరేషన్ అయినవాళ్ళకి వాంతులు మామూలే అని అందరూ అంటారు. లిథియం ఎక్కువైనప్పుడు కూడా మొదట కనిపించేది అవే. వాంతులు, విరేచనాలు ఆగకపోయినా, చేతుల వణుకు పెరిగినా, నడుస్తుంటే తూలినా, మాట ముద్దగా వచ్చినా, మగతగా, అయోమయంగా అనిపించినా "తగ్గుతుందిలే" అని పడుకోవద్దు. తర్వాతి డోసు వేసుకోకముందే డాక్టరుకి ఫోన్ చెయ్యి. తూలడం, మాట తడబడటం ఉంటే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళి, అక్కడ అడుగుపెట్టగానే "నేను లిథియం వాడుతున్నాను, లెవెల్ చూడండి" అని చెప్పు. ఈ మాట అల్లుడికి కూడా నేర్పించు. నువ్వు చెప్పలేని స్థితిలో ఉంటే అతనే చెప్పాలి కదా.

తలనొప్పి వచ్చినా నడుం నొప్పి వచ్చినా ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ జోలికి వెళ్ళకు. నీ కొత్త పొట్టకి పుండ్లు పడే ప్రమాదం ఒకటి, లిథియంని పెంచేయడం రెండోది. పారాసిటమాల్ చాలు.

క్వెటయాపిన్ బదులు బరువు అంతగా పెంచని లురాసిడోన్ అడుగుతానన్నావు. అడుగు, తప్పులేదు. కానీ ఆ మందు ఒంటికి సరిగ్గా అందాలంటే కనీసం 350 కేలరీల భోజనంతో వేసుకోవాలి. ఇప్పుడు నువ్వు ఒక పూట అంత తినగలవా? ఈ లెక్క సైకియాట్రిస్టుకి నువ్వే చెప్పాలి, ఎందుకంటే నీ పళ్ళెంలో ఎంత ఉందో ఆయన చూడరు. సర్జన్ మనసు మందులు చూడరు, ఈయన పొట్ట చూడరు. ఒకరు రాసిన చీటీ ఇంకొకరికి ప్రతిసారీ చూపించు. ఇద్దరూ ఒకసారి మాట్లాడుకోవాలని గట్టిగా అడుగు, మొహమాటపడకు.

విటమిన్లు మానొద్దు. బీ12, ఐరన్ తగ్గితే వచ్చే నీరసం, దిగులు అచ్చం డిప్రెషన్‌లాగే ఉంటాయి. రోజుల తరబడి వాంతులవుతుంటే థయామిన్ (విటమిన్ బీ1) పడిపోయి మెదడుకే దెబ్బ తగలవచ్చు. మద్యం కూడా బైపాస్ తర్వాత చాలా త్వరగా, ఎక్కువగా ఎక్కుతుంది. ఎవరెంత బలవంతం చేసినా వద్దు. పిల్లల కోసం ఏడాది, ఏడాదిన్నర ఆగమన్నారు కదా, ఈలోగా గర్భం రాకుండా నోటి మాత్రల మీదే ఆధారపడకుండా వేరే పద్ధతి అడుగు. ఎవరైనా వాల్‌ప్రోయేట్ మళ్ళీ మొదలుపెడదామంటే పిల్లలు కావాలనుకుంటున్న సంగతి ముందే చెప్పు. కడుపులో బిడ్డకి అది హాని చేస్తుంది.

ఇప్పుడు నీ సంతోషం గురించి. అద్దంలో చూసుకుని నువ్వు మురిసిపోతుంటే నాకెంత ఆనందమో చెప్పలేను. ఆ ఆనందాన్ని ప్రతిరోజూ అనుమానంగా చూసుకోమని నేననను. నిద్రని మాత్రం చూసుకో. సంతోషంగా ఉండి హాయిగా నిద్రపోతే అది సంతోషమే. రెండు రాత్రులు మూడు నాలుగు గంటలే పడుకుని, అయినా అలసట లేకుండా, ఆలోచనలు పరిగెడుతూ, మాట ఆగకుండా ఉంటే ఆ రోజే డాక్టరుకి చెప్పు. నీకంటే ముందు అల్లుడే కనిపెడతాడు. అతను అడిగినప్పుడు కసురుకోకు.

దిగులు వైపు గురించి కూడా రాయాలి, రాయకుండా ఉండలేను. కొన్నాళ్ళకి బరువు తగ్గడం ఆగిపోతుంది, కొంత తిరిగి కూడా రావచ్చు. ఈ ఆపరేషన్ తర్వాత కొందరిలో తమకు తాము హాని చేసుకునే ప్రమాదం పెరుగుతుందని పరిశోధనల్లో కనిపించింది. అలాంటి ఆలోచన నీడలా వచ్చినా సరే నాకు ఫోన్ చెయ్యి. ఏ రాత్రయినా ఎత్తుతాను. నువ్వు ఏం చెప్పినా భయపడను, ఏడవను, ఉపన్యాసం ఇవ్వను. బయలుదేరి వచ్చేస్తాను.

మందులు తగ్గించాలన్న నీ ఆలోచనని దాచుకోవద్దు. నాతో అన్నట్టే సైకియాట్రిస్టుతోనూ అను. నీకిప్పుడు తక్కువ డోసు సరిపోతుందేమో, ఆయన పరీక్షలు చూసి తేలుస్తారు. నీ అంతట నువ్వు ఒక్క మాత్ర కూడా మానకు, నేను అడిగేది అంతే. వచ్చే వారం రక్తపరీక్ష రిపోర్టు రాగానే లిథియం నంబరు నాకు పంపు, నోట్‌బుక్కులో రాసుకుంటాను.

అమ్మ