మారా నది ఒడ్డున మన తొందర

సంపాదకులకు నమస్కారం.

గత ఆగస్టులో మేము కుటుంబంతో టాంజానియాలోని సెరెంగెటీ జాతీయ పార్కుకు వెళ్లివచ్చాం. 1951లో ఏర్పడి, 1981లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఆ పార్కు విస్తీర్ణం 14,763 చదరపు కిలోమీటర్లు. వానలనూ పచ్చికనూ వెతుక్కుంటూ పది లక్షలకు పైగా విల్డెబీస్టులు (ఆవును పోలిన ఆఫ్రికా జింకజాతి జంతువులు), వాటితోపాటు జీబ్రాలు ఏటా అక్కడి నుంచి కెన్యాలోని మసాయి మారా వరకు వెళ్లి తిరిగివస్తుంటాయి.

అవి మారా నది దాటే ఘట్టం కోసమే మేమూ వెళ్లాం, కాదనను. అయితే దుమ్ము రేపుతూ ఒడ్డుకు చేరిన మందలో ముందున్న విల్డెబీస్టు నీటిలో గిట్ట పెట్టబోయే సమయానికి, నాలుగు వైపుల నుంచి జీపులు దూసుకువచ్చి దారికి అడ్డంగా నిలవడంతో అది బెదిరి వెనుదిరిగింది, దాని వెంటే మందంతా గట్టెక్కిపోయింది. ‘ఇంకొంచెం ముందుకు పోనివ్వు’ అని మా డ్రైవరును తొందరపెట్టింది మా వాళ్లే. బక్షీసు మన చేతిలో ఉన్నప్పుడు, పాపం, అతను మాత్రం ఏమంటాడు?

యాత్రలు నడిపే సంస్థలు నది దాటడాన్ని తప్పక చూపిస్తామనే హామీలు మానుకుని, మంద నీటిలో దిగేవరకు వాహనం దూరంగానే ఆగుతుందని బయలుదేరక ముందే ప్రయాణికులకు తెలుగులో స్పష్టం చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. 2019 జూన్ నుంచి టాంజానియాలో ప్లాస్టిక్ క్యారీబ్యాగులు నిషిద్ధమన్న సంగతి కూడా చెబితే, జంతికలు, కారప్పూస సర్దుకున్న సంచులను విమానాశ్రయంలో ఖాళీ చేసే అవస్థ తప్పుతుంది.

– ఒక పాఠకుడు, కాకినాడ