నర్స్ ప్రాక్టీషనర్ల నైపుణ్యాన్ని రోగి మంచం దగ్గరే పరీక్షించాలి

సంపాదకులకు,

నర్స్ ప్రాక్టీషనర్ (అదనపు శిక్షణతో, తన పరిధిలో రోగిని తానే పరీక్షించి నిర్ణయం తీసుకునే నర్సు) విద్యార్థుల నైపుణ్యాన్ని ఎలా పరీక్షించాలన్న విషయంపై, కర్నూలులో చాలాకాలం నర్సింగ్ బోధించి పదవీ విరమణ చేసిన వ్యక్తిగా కొన్ని మాటలు చెప్పదలచుకున్నాను.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ రూపొందించిన క్రిటికల్ కేర్ (విషమ స్థితిలోని రోగుల సంరక్షణ) నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు రెండేళ్ల రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ నేర్చుకునేది. కేంద్ర ఆరోగ్య శాఖ 2018లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం మిడ్‌వైఫరీలో, అంటే కాన్పుల సంరక్షణలో, ఈ శిక్షణ 18 నెలలు. వీటిలో చేరేవారు అప్పటికే నర్సులు కాబట్టి సెలైన్ పెట్టడం, కట్టు కట్టడం మళ్లీ నేర్పనక్కర్లేదు. రోగిని తామే పరీక్షించి, జరుగుతున్నదేమిటో పోల్చుకుని, తమ పరిధిలో ఏం చేయాలో, ఎప్పుడు డాక్టరును పిలవాలో తేల్చుకోగలగడమే వారు కొత్తగా అలవరచుకోవలసింది. పరీక్షించవలసింది కూడా దాన్నే.

మన జిల్లాల్లో తరచూ చూసే పాముకాటునే తీసుకుందాం. రక్తం గడ్డకడుతోందో లేదో తెలుసుకోవడానికి రెండు మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో తీసుకుని, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఆ తర్వాత ఒకసారి వంచి చూడాలని వైవాలో (మౌఖిక పరీక్షలో) ఏ విద్యార్థి అయినా తడుముకోకుండా చెబుతుంది. క్యాజువాలిటీలో అదే విద్యార్థి సబ్బుతో కడిగిన గొట్టమో ప్లాస్టిక్ గొట్టమో అందుకోవచ్చు, పదో నిమిషంలోనే కదిపి చూడవచ్చు. అప్పుడు వచ్చే ఫలితాన్ని నమ్మడానికి లేదు. రక్తం చక్కగా గడ్డకట్టిందని నిశ్చింతగా ఉండిపోవడం ఇంకా ప్రమాదకరం. రక్తపింజరి విషాన్ని పట్టించే ఈ పరీక్ష కట్లపాము విషాన్ని పట్టించదు గనుక, రోగి కనురెప్పలు వాలుతున్నాయా, మింగడానికి ఇబ్బంది పడుతున్నాడా అని మళ్లీ మళ్లీ చూస్తుండాలి. అలా చూస్తోందో లేదో, పక్కన నిలబడి గమనించినవారికే తెలుస్తుంది.

ఇప్పుడు మనం ఎక్కువగా ఆధారపడుతున్నది విద్యార్థి చేసిన పనులను నమోదు చేసే లాగ్ బుక్ మీద, చివరిరోజు జరిగే ప్రాక్టికల్ మీద. ఎన్ని కాన్పులు చేశారో లాగ్ బుక్ చెబుతుంది, ఎలా చేశారో చెప్పదు. పైగా సంతకాలన్నీ ఆఖరి వారంలో ఒక్కసారిగా పడటం నర్సింగ్ కళాశాలల్లో పనిచేసిన వారికి తెలియని సంగతి కాదు.

స్కాట్లాండులోని డండీలో రోనాల్డ్ హార్డెన్ బృందం 1975లో ప్రపంచానికి పరిచయం చేసిన ఓస్కీ (ఓఎస్‌సీఈ) అనే ప్రాక్టికల్ పరీక్షా పద్ధతి ఈ లోపాన్ని కొంత సరిదిద్దింది. విద్యార్థులందరూ ఒక్కోచోట ఒక్కో పని చేసి చూపించాల్సిన ఒకే వరుస స్టేషన్ల గుండా వెళతారు, ఒకే చెక్‌లిస్టు ప్రకారం మార్కులు పడతాయి. ఎగ్జామినర్ ఇష్టాయిష్టాలకు చోటు తగ్గుతుంది. దాన్ని వదులుకోమని నేననను. అయితే వైద్య విద్యా నిపుణుడు జార్జ్ మిల్లర్ 1990లో చెప్పిన నాలుగు మెట్లలో, అంటే తెలియడం, ఎలా చేయాలో తెలియడం, చేసి చూపించడం, నిజంగా చేయడం అన్నవాటిలో, ఓస్కీ మూడో మెట్టు దగ్గరే ఆగుతుంది. ఆలూరు నుంచి వచ్చిన ముసలమ్మ కడుపులో దేవుతోందని, చెమటలు పడుతున్నాయని చెబితే, గ్యాస్ మాత్ర ఇచ్చి కూర్చోబెట్టాలా, వెంటనే ఈసీజీ తీయాలా అన్నది పరీక్షలో పెట్టే రోగి బొమ్మ ముందు తేలేది కాదు. ఆమె మాట తీరు, అలసట, పక్కన కొడుకు కంగారు, వెనుక ఎదురుచూస్తున్న మరో పదిమంది, అన్నీ ఆ నిర్ణయంలో కలిసే ఉంటాయి.

అందుకే మినీ సీఈఎక్స్ అనే పద్ధతిని కోర్సు పొడవునా అమలు చేయాలి. విద్యార్థి నిజమైన రోగిని చూస్తుండగా పదిహేను, ఇరవై నిమిషాలు గమనించి, అక్కడికక్కడే తప్పొప్పులు చెప్పడమే ఈ పద్ధతి. గుండెజబ్బు కేసులో రాణించిన అమ్మాయి బాలింత రక్తస్రావం దగ్గర తడబడవచ్చు గనుక, వేర్వేరు కేసుల్లో, వేర్వేరు పరీక్షకులు చూడాలి. పగలూ రాత్రీ రోగుల మధ్యే ఉండే సీనియర్ సిస్టర్ల అభిప్రాయానికి డాక్టర్ల అభిప్రాయంతో సమానంగా విలువ ఇవ్వాలి.

మరొకటి చెప్పక తప్పదు. ఇంటికి పెద్ద దిక్కని, పాపం సంవత్సరం వృథా అవుతుందని జాలిపడి గట్టెక్కించే అలవాటు మనలో ఉంది. తగని విద్యార్థిని ఆపడానికి పరీక్షకులకు రాతపూర్వకమైన ఆధారం కావాలి. నెలనెలా రాసిన పరిశీలనలు ఆ ఆధారాన్ని ఇస్తాయి, ఆ విద్యార్థికి సరిదిద్దుకునే గడువునూ ఇస్తాయి.

ఎన్టీఆర్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం, వైద్య విద్యా శాఖ కలిసి ఈ పరిశీలనలకు తుది ఫలితంలో మార్కులు కేటాయించాలని, ముందుగా కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ ఆసుపత్రుల్లోని సీనియర్ సిస్టర్లకు పరీక్షకులుగా శిక్షణ ఇవ్వాలని, విద్యార్థిని గమనించే పూట వారిని వార్డు డ్యూటీ నుంచి మినహాయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత నర్సింగ్ ట్యూటర్,
కర్నూలు