పరిశ్రమల శాఖ మంత్రి గారికి: దివ్యాంగులకు పని ఇస్తాం, ఆ దారి చూపించండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఈ ఉత్తరం సంక్షేమ శాఖకు కదా రాయాల్సింది అని మీ పేషీలో ఎవరైనా అనొచ్చు. కావాలనే మీకు రాస్తున్నాను. దివ్యాంగుల మాట ఎత్తగానే ఫైలు అటు వెళ్లిపోతుంది. అక్కడ పింఛన్లు, మూడు చక్రాల బండ్లు, చంక కర్రల సంగతి చూస్తారు. ఉద్యోగం ఇవ్వాల్సింది మాత్రం మాలాంటి యూనిట్ల యజమానులం. మాతో మాట్లాడే శాఖ మీది.

విజయవాడ ఆటోనగర్‌లో నాది అట్టపెట్టెలు తయారుచేసే చిన్న యూనిట్. పిన్నులు కొట్టే మెషిన్ మీద వినికిడి లేని ఒకతను పనిచేస్తున్నాడు. మంచి పనిమంతుడు. షీటు ఇరుక్కున్నప్పుడు మోగే బజర్ అతనికి వినపడదు కాబట్టి అదే వైరుకు ఎర్ర బల్బు పెట్టించాం. ఎలక్ట్రీషియన్ కూలీ కలిపినా పెద్ద ఖర్చేమీ కాలేదు. సైజు మారిందంటే సూపర్‌వైజర్ దూరం నుంచి కేకేసి చెప్పేవాడు, ఇప్పుడు పొడవు, వెడల్పు, ఎత్తు బోర్డు మీద రాస్తున్నాడు.

మెషిన్ దగ్గర ఇబ్బంది అంతటితో తీరింది. అసలు టెన్షన్ గేటు దాటాకే. కార్మికుల బీమా కింద వైద్యం అందే ఈఎస్‌ఐ డిస్పెన్సరీకి వెళ్లాలంటే నొప్పి ఎక్కడో, ఎన్నాళ్లుగా ఉందో డాక్టరుకు చెప్పడానికి తోడు ఇంకొకరిని పంపాలి. ఇద్దరి పనీ ఆగుతుంది. అంతకంటే, తోటి పనివాడి ముందు తన ఒంటి సంగతులన్నీ బయటపెట్టుకోవడం అతనికి ఎంత నామోషీగా ఉంటుందో చూస్తూనే ఉన్నాను. సైగల భాష వచ్చినవాళ్లు వీడియో కాల్‌లో దొరికినా చాలు. అలాంటి మనిషిని ఏ చిన్న యజమానీ సొంతంగా పెట్టుకోలేడు. ప్రభుత్వం జిల్లాకు ఇద్దరు ముగ్గురిని పెట్టొచ్చు.

చట్టం లేక కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. మా ప్రైవేటు వాళ్ల సంగతి 35వ సెక్షన్‌లో ఉంది. సిబ్బందిలో కనీసం 5 శాతం దివ్యాంగులు ఉండేలా యజమానులకు ప్రోత్సాహకాలు ఇవ్వాలని అది చెబుతుంది, కాకపోతే ప్రభుత్వ ఆర్థిక స్తోమతను బట్టి. అదే చట్టం కింద 20 మందికి తగ్గకుండా పనిచేసే ప్రైవేటు సంస్థలు సమాన అవకాశాల విధానం ప్రకటించాలి, దివ్యాంగ ఉద్యోగుల వ్యవహారాలు చూసే లైజన్ ఆఫీసర్‌ను పెట్టాలి. మేం చేయాల్సింది ఖచ్చితం, మాకు ఇవ్వాల్సిందేమో స్తోమతను బట్టి!

కేంద్రం 2008లో ఒక పథకం తెచ్చింది. నెలకు 25 వేల లోపు జీతానికి దివ్యాంగులను చేర్చుకుంటే పీఎఫ్, ఈఎస్‌ఐలలో యజమాని వాటాను మొదటి మూడేళ్లు కేంద్రమే కడుతుందని. 15 వేల జీతానికి ఇప్పటి రేట్ల ప్రకారం లెక్కేస్తే పీఎఫ్ 1,800, ఈఎస్‌ఐ 488, వెరసి నెలకు దాదాపు 2,300 రూపాయలు. మా ఆడిటర్ గారిని అడిగితే "అలాంటిది ఉందాండీ?" అన్నారు. ఆఫీసుకు వెళ్తే పక్క సెక్షన్‌లో కనుక్కోమన్నారు. పక్క సెక్షన్‌లో పోర్టల్ చూపించి, ఆ ఆప్షన్ ఇందులో లేదన్నారు.

ఇంకో చిక్కు పింఛన్‌ది. 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగులకు నెలకు 6,000 రూపాయలు వస్తున్నాయి. చాలా మంచి పని, కాదనను. కానీ పనిలోకి రమ్మంటే "పీఎఫ్ నంబరు వస్తే పింఛన్ తీసేస్తారేమోనండీ" అని వెనకాడతారు. 2025లో వైకల్య శాతాన్ని తెలిపే సదరం సర్టిఫికెట్ల తనిఖీలు జరిగాక ఆ భయం ఇంకా ముదిరింది. కొందరైతే "రికార్డులో పేరు రాయకండి, జీతం చేతికిచ్చేయండి" అంటారు. రాయకపోతే మెషిన్ దగ్గర ఏదైనా జరిగినప్పుడు వాళ్లకు ఈఎస్‌ఐ ఉండదు, నేను చట్టం ముందు దోషిని. అలాగని వాళ్ల లెక్క తప్పనలేను. ఉద్యోగం మూణ్ణాళ్ల ముచ్చట కావచ్చు, పోయిన పింఛన్ తిరిగి తెచ్చుకోవాలంటే ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరగాలో వాళ్లకు తెలుసు. పనిలో చేరాక మొదటి రెండేళ్లు పింఛన్ ఆపబోమని, ఆ తర్వాత ఉద్యోగం పోతే మళ్లీ పరీక్షలు లేకుండా ఇస్తామని జీవో ఇప్పించండి. సంబంధిత శాఖతో మాట్లాడాల్సి వస్తుంది, ఆ మాట మీరు మాట్లాడితేనే బరువు.

ప్రైవేటులోనూ కోటా పెట్టేస్తే సరిపోతుంది కదా అని కొందరు మిత్రులు అంటారు. జర్మనీలో ఉంది. 20 ఉద్యోగాలు, ఆపైన ఉన్న యజమాని 5 శాతం తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లకు ఇవ్వాలి, లేదంటే డబ్బు కట్టాలి. అయితే అక్కడ ఆ డబ్బును దివ్యాంగులు పనిలో చేరడానికి, నిలవడానికి కావాల్సిన సాయానికే వాడతారు. ఆ సాయం సంగతి వదిలేసి కోటా ఒక్కటే తెచ్చుకుంటే హాజరు పట్టీలో పేర్లుంటాయి, మనుషులు ఇళ్ల దగ్గరుంటారు.

రాయితీలు మీ శాఖకు కొత్త కాదు. భూమి మీద, కరెంటు మీద, వడ్డీ మీద ఇస్తూనే ఉన్నారు. అందులో కొంత దివ్యాంగుల ఉద్యోగాలకు ముడిపెట్టండి. చేర్చుకున్న రోజున కాకుండా, మనిషి ఏడాది పాటు పనిలో నిలిచాక ఇవ్వండి. ర్యాంపు, టాయిలెట్ మార్పుల డబ్బు మాత్రం ముందే ఇవ్వాలి, అవి లేకపోతే మనిషి లోపలికే రాలేడు. ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీ కొత్తగా వేసే పారిశ్రామిక పార్కుల్లో బస్సు దిగిన చోటు నుంచి యూనిట్ గేటు దాకా వీల్‌చైర్ వెళ్లేలా దారి ఉండాలి. గేటు ముందు మూత లేని డ్రైనేజీ పెట్టుకుని నేను లోపల ర్యాంపు కట్టి ఏం లాభం?

వీటికి టైమ్ పడుతుందని తెలుసు. ఈలోగా పైసా ఖర్చు లేని పని ఒకటుంది. ప్రతి జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఒక అధికారికి ఈ బాధ్యత అప్పగించండి. పీఎఫ్, ఈఎస్‌ఐ, సదరం, పింఛన్, ఏ సందేహమైనా ఆయన్ను అడగగలగాలి. పని వెతుక్కుంటున్న దివ్యాంగుల వివరాలు ఆయన దగ్గరుండాలి. నా యూనిట్‌లో పేస్టింగ్‌కు ఇద్దరు కావాలి, కూర్చుని చేసుకునే పనే. ఆ అధికారి ఎవరో చెబితే రేపే ఫోన్ చేస్తాను.

ఇట్లు,
అట్టపెట్టెల యూనిట్ యజమాని,
ఆటోనగర్, విజయవాడ